తలకిందుల స్లైడు

కరోనా తర్వాత కళాశాలలు మళ్లీ తెరుచుకున్న ఏడాది జూలైలో బి.ఎఫ్.ఏ. మూడో ఏడు ఆధునిక కళాచరిత్ర పేపరు నాకే అప్పగించారు. విజయనగరం నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లోనే తల నెరిసినవాణ్ని. అసోసియేట్ ప్రొఫెసర్ హోదా, రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు. నా పైన విభాగాధిపతి మేడమ్, ఆవిడ పైన ప్రిన్సిపాల్. ఆ పేపరు పద్నాలుగేళ్లుగా నాదే కాబట్టి దయాల్‌బంద్‌లో ఇంటి దగ్గర నోట్సు తిరగేసే పని కూడా పెట్టుకునేవాణ్ని కాదు.

కళాచరిత్ర అంటే బొమ్మలు వేయడమని బయటివాళ్లు అనుకుంటారు. బొమ్మలు వేసే పేపర్లు వేరు. మా పేపర్లో చూడాలి, చూసింది రాయాలి. అందుకు పెట్టేది స్లైడ్ టెస్ట్. కిటికీ తెరలు సగం దించి ఒక్కో బొమ్మ చూపిస్తాం. చిత్రకారుడు, ఉద్యమం, మాధ్యమం రాయాలి. చివరి ప్రశ్నకు సగం మార్కులు. ఒకే బొమ్మను పది నిమిషాలు తెర మీద ఉంచుతాం, దాని కూర్పును విశ్లేషించాలి. ఇవే ఇంటర్నల్ మార్కులు. ఇందులో తప్పితే ఫైనల్ పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది.

ఆ తరగతిలో తెలుగు పిల్ల రోహిణి ఒక్కతే. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలోకి వచ్చాడు. తండ్రి పేరు సింహాచలం, వ్యాగన్ షెడ్డులో పెయింటరు. క్లాసులో హిందీలో మాట్లాడేది, నాతో మాత్రం ఇంటి తెలుగు. అభిప్రాయాలకు లోటు లేదు. ఇంప్రెషనిస్టుల పొగమంచు చూపిస్తే, బొగ్గు వ్యాగన్లు నిలిపే సైడింగు దగ్గర జనవరి పొద్దుట ఇలాగే ఉంటుందని, అందులో వింతేమీ లేదని తేల్చేసింది. క్యూబిజం మీద మాత్రం గౌరవం. నాన్న షెడ్డులో వ్యాగన్ డ్రాయింగు ఒకే కాగితం మీద ముందు, పక్క, పైనుంచి మూడు రకాలుగా చూపిస్తుందట. మనిషి ముఖాన్ని అలా వేయడానికి ఇన్నాళ్లెందుకు పట్టిందని అడిగింది. నాకు క్యూబిజం అంటే మొదటినుంచీ చిరాకు. ఆ మాటతో కొంత తగ్గింది, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

నా ప్రాణమంతా నైరూప్య చిత్రాల మీద. వాటిలో మనిషీ చెట్టూ ఉండవు, రంగు, గీత, ఖాళీ మాత్రమే. వాటిలోనూ మన దేశపు చిత్రకారుడొకరి పెద్ద కాన్వాసంటే మరీ ఇష్టం. నల్లటి నేపథ్యం మీద ఎర్రరంగు సన్నటి చారలుగా పైకి పాకుతూ ఉంటుంది. దాన్ని ఎగసే జ్వాల అంటూ గంటసేపు చెప్పేవాణ్ని, పిల్లలు కళ్లార్పకుండా వినేవారు. ఆ ఏడు టెస్టులో చివరి ప్రశ్నకు అదే వేశాను.

రోహిణి హిందీలో రెండే వాక్యాలు రాసింది. బొమ్మ తలకిందులుగా ఉంది. సరిగ్గా పెడితే రాస్తాను. మిగతా పేజీ ఖాళీ.

నాకు ఒళ్లు మండింది. సున్నా వేసి, జాబితా మీద సంతకం చేసి పైకి పంపేశాను. ఇంటర్నల్స్‌లో ఆ పిల్ల తప్పింది. ఏడాది పోతే చదువు మాన్పించి కంప్యూటరు కోర్సులో వేస్తానని తండ్రి ముందే అన్నాడని తర్వాత తెలిసింది.

రెండ్రోజులకు స్టాఫ్ రూముకు వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. సంచిలోంచి రంగు పూసిన రేకుముక్క తీసి నా బల్ల మీద పెట్టింది. రంగు కారి చారలు కట్టింది, ప్రతి చార కొసనా బొట్టు గడ్డకట్టి ఉంది. వ్యాగన్ తలుపు ఏ వైపు నిలబెట్టి ఆరబెట్టారో షెడ్డులో ఆ బొట్టు చూసి చెప్పేస్తారట.

"రంగు కిందికే జారతాది మేస్టారూ. మీ బొమ్మలో బొట్లు పైనున్నాయి. నేనేటి రాయాలి?"

చిత్రకారుడు కాన్వాసును తిప్పి వేసి ఉండొచ్చు కదా అన్నాను.

"తిప్పితే కొన్ని అటు, కొన్ని ఇటు ఉంటాయి. అన్నీ పైకే ఉన్నాయి."

ఆమెను పంపేసి లైబ్రరీలో ఆ చిత్రకారుడి ప్రదర్శన కేటలాగు తీయించాను. నేను వాడే బొమ్మ ఒక పాత సహోద్యోగి ఇచ్చిన ఫిల్ము స్లైడు నుంచి వచ్చింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించిందీ, అంచులు కత్తిరించిందీ నేనే. కేటలాగులో బొట్లు కిందున్నాయి, కుడివైపు అడుగున సంతకం ఉంది. నేను కత్తిరించిన అంచులో అదీ పోయింది. బొమ్మ తలకిందులే.

పంపేసిన మార్కులు మార్చాలంటే కారణం రాసి సవరణ పత్రం పెట్టాలి, విభాగాధిపతి సంతకం చేయాలి. మేడమ్ మంచి మనిషి. కూడికలో పొరపాటని రాసేయండి, ఎవరూ అడగరు అంది. అలాగే రాద్దామని కలం తీశాను కూడా. కానీ అలా రాస్తే రోహిణి అన్నది నిజమని ఎక్కడా ఉండదు. ప్రశ్నాచిత్రాన్ని నేను తలకిందులుగా చూపించాను, విద్యార్థిని సరిగ్గా గుర్తించింది అని రాశాను. మేడమ్ రెండుసార్లు చదివి, అచ్ఛా అని సంతకం పెట్టింది. ఆ ప్రశ్నకు రోహిణికి పూర్తి మార్కులు వచ్చాయి. తరగతిలో మిగతావాళ్లు నేను చెప్పిన జ్వాలనే అప్పజెప్పారు. అది నా తప్పే గనుక వాళ్ల మార్కులు తగ్గించలేదు.

మర్నాడు క్లాసులో జరిగింది చెప్పి బొమ్మను తెర మీద సరిగ్గా చూపించాను. జ్వాల లేదు. ఎర్రరంగు నెమ్మదిగా కిందికి దిగి ఆగిపోతోంది. ఇదే బాగుందని రోహిణి అంది. నాకు నచ్చలేదు. పద్నాలుగేళ్లు నేను ఇష్టపడిన బొమ్మను ఎవరూ వేయలేదు.

చూడడం నేర్పేవాడు తాను చూడడం మానేసినా పాఠం సాఫీగానే సాగుతుంది, ఎవరూ లేచి అడగరు. ఆ ఏడు నేను నేర్చుకున్నది అది. రిటైరయ్యేదాకా స్లైడ్ టెస్టులో మొదటి ప్రశ్న ఒకటే పెట్టాను: ఈ బొమ్మకు పై ఏది, మీకెలా తెలిసింది? జవాబు రాయలేనివాళ్లు ఏటా ఉండేవారు. వాళ్లలో ఎవరికీ సున్నా వేయలేదు.