పిల్లికి కొన్న ఎండుచేపలు

మా అత్తవారింట్లో చేప అన్న మాట పలకడానికే సంకోచించేవారు. అలాంటి ఇంట, పెళ్లయిన నాలుగో ఏట, ఎండుచేపల మంచిచెడ్డలు ఎంచవలసిన పని నా మీద పడింది. పిల్లి కోసం.

నాగాయలంకకు దగ్గర పల్లె మాది. గాదెలో ఎలుకల బాధ పడలేక మావయ్యగారు తెప్పించిన పిల్లి అది. మేము తిన్నదే దానికీ పెట్టేవాళ్లం. పెరుగన్నం, పప్పన్నం, ఎప్పుడైనా గరిటెడు పాలు. ఎలుకలు దొరికినన్నాళ్లు లోటు తెలియలేదు. గాదెకు కొత్త తలుపు వేయించాక అవీ తగ్గాయి. ఏడాది తిరిగేసరికి పిల్లికి వెంట్రుకలు రాలి, చూపు మందగించి, నడుస్తూ నడుస్తూ గోడకు తగిలేది. ఆ స్థితిలోనే మూడు పిల్లలను పెట్టింది.

గుడివాడ నుంచి చూడవచ్చిన మా అన్నయ్య, "పిల్లిని ఆవులా పెంచుతున్నారేమిటే? దాని ఒంట్లోకి నీచు పోకపోతే పిల్లలకు పాలెక్కడివి?" అన్నాడు.

అత్తయ్యగారు అవునననూ లేదు, కాదననూ లేదు. "పెడితే కొట్టం వెనక పెట్టు. ముట్టుకున్నాక స్నానం చేసి లోపలికి రా" అన్నారు.

వారానికోసారి మా వీధిన గంపతో వెళ్లే ఒకామెను పిలిచాను. మా గుమ్మం ముందు ఆగడం ఆమెకు అదే మొదలు.

"మీకా అమ్మగారూ?"

"పిల్లికి."

"ఇన్నాళ్లూ అది కూడా మడి కట్టుకుందా ఏంటండీ?" అని నవ్వుతూ గంప దించింది.

నాకు అక్షరాలు నాన్నగారు ఇంట్లోనే దిద్దించారు. సరుకులు ఎంచడం అమ్మ నేర్పింది. బియ్యమైనా వడియాలైనా తెల్లగా ఉండాలి, గట్టిగా ఎండాలి, ముతక వాసన రాకూడదు. చేపలనూ ఆ కళ్లతోనే చూశాను. వాసన కొడుతున్న నెత్తళ్లనే చిన్న చేపలను పక్కకు నెట్టి, తెల్లటి పూత పట్టిన పెద్ద ముక్కలు చూపించాను. "అవి వద్దండీ, ఈ చిన్నయ్యే బలం" అని ఆమె అంటూనే ఉంది. అమ్ముడుపోని సరుకు నాకు అంటగడుతోందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పిల్లి ఆ ముక్కలను ఆబగా తినేది. తిని, కుడితి తొట్టి దగ్గరకు పోయి అదేపనిగా నీళ్లు తాగేది. పాలు పెరగలేదు సరికదా, ఉన్నవీ ఎండిపోయాయి. వారం తిరక్కుండానే రెండు పిల్లలు పోయాయి. మూడోది తల్లి పొట్టను వెతుక్కుంటూ, గొంతు బొంగురుపోయి అరిచేది. ఆ అరుపు వినిపిస్తే నా చేతిలో పని ఆగిపోయేది. దాన్ని కూడా నా చేతులతో నేనే చంపుతున్నానా అని భయం.

తర్వాతి వారం చేపలామె వచ్చి తల్లిని చూసింది. నవ్వలేదు.

"ఆ తెల్లదనం ఉప్పండీ. బాలింతకు ఉప్పు దిమ్మ పెట్టినట్టయింది. చెప్పాను కదండీ."

"ఎలా తెలుసుకోవాలమ్మా?"

గడప ఇవతల నేను, అవతల ఆమె. కూర్చుని, ఓపికగా చెప్పింది. నెత్తళ్లు తలతో, పొట్టతో ఉండాలి, సారమంతా అక్కడే. విరిస్తే పుటుక్కుమనాలి, వంగితే తడి ఉన్నట్టు, పొడిగా రాలితే పాతబడ్డట్టు. "ఈ చిన్నవాటిలో ఉప్పు సంగతి మాత్రం నాలికే చెప్పాలండీ. కంటికి తెలీదు."

నా మొహం చూసి, "మీకెందుకండీ, నేను లేనా" అని తానే ఒకటి నోట్లో వేసుకుంది. ఆ రోజు నుంచి ప్రతిసారీ నా ఎదుట రుచి చూసి మరీ ఇచ్చేది. తల్లికి మళ్లీ కొంచెం పాలు పడ్డాయి. దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఆమె ఇంటిల్లిపాదినీ తలుచుకునేదాన్ని.

అంతలో ముసురు పట్టింది. ఆమె రాలేదు. ఇంట్లో నెత్తళ్లు అయిపోయిన నాడు, ఎవరో కొత్తామె గంపతో వచ్చింది. చేపలు తలతో ఉన్నాయి, పుటుక్కున విరిగాయి.

"ఉప్పేమన్నా వేశారా?"

"అబ్బే, రవ్వంత ఉప్పు లేదండీ."

"ఒకటి నోట్లో వేసుకుని చెప్తావా?"

"నా మాట మీద నమ్మకం లేదా అమ్మగారూ? తీసుకుంటే తీసుకోండి, లేపోతే లేదు. వానొచ్చేట్టుంది."

కొట్టం వెనక పిల్ల అరుస్తోంది. నేను ఒక చేప తీసి నాలుక చివర ఆనించాను. చురుక్కుమంది.

"ఉప్పుందమ్మా. వద్దు" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

వెనక్కి తిరిగితే వసారాలో అత్తయ్యగారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో.

నూతి దగ్గర నోరు ఎన్నిసార్లు పుక్కిలించానో లెక్కలేదు. తలస్నానం చేసి వచ్చేసరికి, రోజూ నేను పెట్టే దీపం ఆవిడే పెట్టేశారు. "ఇవాళ్టికి బయటే కూర్చో" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే మరింత బాధ అనిపించింది. గడప బయట కూర్చుని, తెలిసిన నామాలన్నీ మనసులోనే చెప్పుకున్నాను.

కాసేపటికి ఆవిడ పొయ్యి మీది పాలగిన్నె దించి, మా పొద్దుటి కాఫీకని ఉంచిన పాలు మూకుట్లో పోసి నా పక్కన పెట్టారు.

"ఆ గంపావిడ వచ్చేదాకా పిల్లికి దీంతో నెట్టుకురా" అన్నారు.

ముసురు మరో మూడు రోజులు వదల్లేదు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో కాఫీ లేదు.