టైపక్క కొట్టిన పన్నెండో ఉత్తరం

కోర్టు గేటు పక్కన ఇరవై రెండేళ్లుగా టైపు మిషన్ పెట్టుకుని కూర్చుంటున్న ఆమెను ఊళ్లో దొంగలందరూ టైపక్క అంటారు. బెయిలు కాగితం ఆమె కొడితే పొల్లు పోదని వాళ్ల నమ్మకం. సొంత తమ్ముడివే ఏడు కొట్టింది. వాడు తాళాలు పగలగొడతాడు, మనిషి మీద మాత్రం ఎన్నడూ చెయ్యెత్తి ఎరగడు. వాడి చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది.

ఆ సంవత్సరం కొత్త గిరాకీ తగిలింది. ఎక్కడో పరాయి దేశంలో యుద్ధం. బయటివాళ్లనూ సైన్యంలో చేర్చుకుంటున్నారు. తమ్ముడి ముఠా పెద్ద హుకుం జారీ చేశాడు: వెళ్లండి, డ్రోన్లు ఎగరేయడం, బాంబులు పెట్టడం నేర్చుకుని రండి, ఇక్కడ పనికొస్తుంది. తిండి పెట్టి విద్య నేర్పే కాలేజీ మళ్లీ దొరుకుతుందా? పదకొండు మంది వరసగా వచ్చి కూర్చున్నారు. ఎందుకు చేరాలనుకుంటున్నారో రాసి పంపాలట.

“మంచిగా ఏదో ఒకటి కొట్టక్కా,” అన్నారు.

‘అమాయకుల కష్టం చూసి నా గుండె మండిపోతోంది’ అని కొట్టింది. పేర్లు మార్చి పదకొండు గుండెలూ మండించింది.

పన్నెండోవాడు తమ్ముడు.

“వద్దురా. అక్కడ పగిలేది తాళాలు కాదు.”

“నేను వెళ్లనంటే పెద్దాయన ఊరుకుంటాడా? వాళ్లే నన్ను వద్దంటే అది వేరు.”

టైపక్క ఆ చివరి మాట పట్టుకుంది. ఉన్నదున్నట్టు కొట్టింది: నా మీద ఏడు కేసులున్నాయి, మీ విద్య నేర్చుకొచ్చి మా ముఠాకు వాడమని పంపుతున్నారు, మీ యుద్ధం ఎవరి మీదో కూడా నాకు తెలీదు. తమ్ముడు నాలుక బయటపెట్టి శ్రద్ధగా సంతకం చేశాడు. ఎన్నో అబద్ధాలతో వాడిని ఇంటికి తెచ్చుకుంది, ఈసారి నిజమే ఇంట్లో ఉంచుతుందనుకుంది. నెలంతా కంటినిండా నిద్రపోయింది.

జవాబులొచ్చాయి. పదకొండు గుండెలు ఒకేలా మండడం చూసి అక్కడివాళ్లు వాటన్నిటినీ తిప్పి పంపారు. తమ్ముణ్ణి మాత్రం రమ్మన్నారు. ‘మీలో దాపరికం లేదు. తాళాల పని కూడా ఇక్కడ చాలా ఉంది.’ కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

“పన్నెండు మందిలో నేనొక్కణ్ణే పాసయ్యానక్కా! అంతా నీ చేతి చలవే,” అన్నాడు తమ్ముడు. బడిలో ఎన్నడూ పాసైన మొహం కాదది. వెంట ఇంకో ఫారం తెచ్చాడు.

ఆమె చదివి వినిపించింది. “ఏదైనా జరిగితే ఎవరికి తెలియజేయాలి?”

“ఇంకెవరున్నారు? నీకే.”

టైపక్కకు ఏడుపొచ్చింది. కాగితం తడుస్తుందని ఆపుకుంది. తన పేరు కొట్టింది, వీధి పేరు కొట్టింది. ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పు పడని చేత్తో, ఇంటి నంబరులో కావాలనే ఒక అంకె మార్చింది.

తమ్ముడు నాలుక బయటపెట్టి కింద సంతకం చేశాడు.