యాది పట్టుకున్న చెయ్యి

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

బూర్గంపాడు దాటి అడవి వైపు పోతే మా హోమ్. ఆటిజం ఉన్నవాళ్లు, వయసుకు తగ్గట్టు మతి ఎదగనివాళ్లు, పద్నాలుగు మంది. అందరూ పెద్దవాళ్లే. నేను రాత్రి డ్యూటీ ఆయాను.

వాళ్లలో యాదగిరి అని ఒకడు ఉండేవాడు, యాది అని పిలిచేవాళ్లం. ముప్పై రెండేళ్లు. మాట రాదు. ఏది కావాలన్నా తన చెయ్యి చాపడు. నా మణికట్టు పట్టుకుని, నా చేతిని తీసుకెళ్లి దాని మీద పెడతాడు. నీళ్ల గ్లాసు మీద... ఫ్యాన్ స్విచ్ మీద. పట్టుకున్నప్పుడు బొటనవేలు గట్టిగా నొక్కుతాడు. వాళ్లలో కొందరికి అది అలవాటు.

సూపర్‌వైజర్ సత్తెయ్యకు వాడంటే ఒళ్లు మంట. రాత్రిళ్లు నిద్రపోకుండా తిరుగుతున్నాడని బియ్యం గదిలోకి తోసి బయట గడియ పెట్టేవాడు. ఒక రాత్రి లోపల యాదికి ఫిట్స్ వచ్చాయి. తలుపు దడదడలాడింది.

"సార్, ఒక్కసారి తీసి సూద్దాం."

"గట్లనే కొడ్తడు, జర సేపైతే ఊకుంటడు. నీకు నౌకరి ఉండాల్నా వద్దా?"

నోరు మూసుకున్నాను. తెల్లారి తీస్తే... చల్లబడి ఉన్నాడు. తల్లాడ నుంచి వాళ్లక్క ఏడ్చుకుంటూ వచ్చింది. "నిద్రల్నే పోయిండమ్మా" అన్నాడు సత్తెయ్య. వీడి పాపం పండాలని రోజూ మొక్కాను.

నెల తిరిగింది. ఆ రాత్రి వాన. కరెంటు పోయింది. ఉరుములకు బాబ్జీ అనే ఇంకొకతను ఏడుపు ఎత్తుకున్నాడు. సత్తెయ్య లేచొచ్చి అతని రెక్క పట్టాడు. "నడువ్, నీకు గూడ గదే గది!" అతన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, బస్తాలు జరపడానికి ముందు తను లోపలికి పోయాడు.

తలుపు దభీమని మూసుకుంది. గాలికేమో అనుకున్నాను.

"సరోజా, తలుపు ఇరుక్కపోయింది, జల్దీ తియ్!"

తీద్దామనే పోయాను. నిజం. ఫోన్ లైటు వేశాను. బాబ్జీ గోడ వారన కూర్చున్నాడు. చెవులు మూసుకుని... రెండు చేతులతో.

అప్పుడు... నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు.

మనిషి కనపడలేదు. పట్టు తెలుస్తోంది. చల్లగా లేదు... వెచ్చగా ఉంది. బొటనవేలు గట్టిగా నొక్కింది. మెల్లగా... చాలా మెల్లగా... నా చేతిని గడియ మీద పెట్టింది. తుప్పు గడియ. కిర్‌ర్... కిర్‌ర్... జరిగింది. టక్. గడియ పడింది.

"యాదీ... నువ్వేనా బిడ్డా?"



సత్తెయ్య తెల్లారేదాకా కొట్టాడు. మొదట తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. తర్వాత బతిమాలాడు. చివరికి గొంతు మారింది. "బస్తాల మీద నా పక్కన ఎవడో కూసున్నడు! గా రాత్రి నీ సప్పుడు ఇన్న యాదీ, ఇని గూడ తియ్యలే... నన్నిడిసిపెట్టు!"

నాకు జాలి కలగలేదు. అబద్ధమెందుకు, సంబరంగానే ఉంది. అదంతా ఫోన్‌లో రికార్డు చేసి యాది అక్కకు పంపాను. ఇప్పుడు సత్తెయ్య మీద కేసు నడుస్తోంది.

ఆ గడియ పెట్టింది యాదా, నా కసా... నాకు ఈనాటికీ తెలియదు. వాళ్లక్క ఫోన్ చేసి దండం పెడుతుంది. నీ మేలు మరువనక్కా అంటుంది. యాది తలుపు కొట్టిన రాత్రి నేనూ విన్నానని మాత్రం ఆమెకు ఇంకా చెప్పలేదు.

మరి... యాది నన్ను వదిలేశాడంటారా?