పొయ్యి చుట్టూ నలుగురు

నిన్న సాయంత్రం బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్నాను. ఢిల్లీ పక్కన వైశాలిలో మా ఇల్లు నాలుగో అంతస్తు. కింద పార్కులో పిల్లల గోల రోజూ ఉండేదే, అలవాటైపోయి వినపడనే వినపడదు. అబ్బాయి స్కూలు చొక్కాకి పెట్టిన క్లిప్పు తీస్తుండగా మా అమ్మాయి మేఘన గొంతు పైకి వచ్చింది. "అగ్‌లా సవాల్!" తర్వాతి ప్రశ్న, అని. వెంటనే నవ్వులు. ఎందుకో ఆ నవ్వులు లెక్కపెట్టాను. నాలుగు. కిందకి వంగి చూశాను. సిమెంటు బెంచీ మీద మేఘన, దాని స్నేహితులు ముగ్గురు వరసగా కూర్చున్నారు. ఎదురుగా గట్టు మీద, సి బ్లాకులోకి కొత్తగా వచ్చిన తాన్యా, చేతులు ఒళ్లో పెట్టుకుని. "ఫ్లైట్ మే కభీ బైఠీ హో?" విమానం ఎప్పుడైనా ఎక్కావా, అని అడిగింది మా అమ్మాయి, లేని కాగితాలు ముందుకు వెనక్కి సర్దుతూ.

నేను భయస్తురాలినని ఇంట్లో అందరికీ తెలుసు. లిఫ్టు తలుపులు, స్కూలు బస్సు, గేటు దగ్గర కుక్కలు, ఫోనులో మాట్లాడించే కొత్తవాళ్లు, నవంబరు పొగ, ఇలా నా పిల్లల మీదకి వచ్చే ఆపదలన్నిటికీ నా దగ్గర ఒక జాబితా ఉంది. నా పిల్లల వల్ల ఇంకొకరికి వచ్చే ఆపద అందులో ఎప్పుడూ లేదు. మేఘనని పైకి పిలిచి అడిగాను. అది చెప్పులు విడుస్తూ, "హమ్ తో ఖేల్ రహే థే మమ్మా. వో భీ హస్ రహీ థీ," అంది. ఆడుకుంటున్నాంలే, తనూ నవ్వుతోందిగా, అని. ఆ ఆట దానికి నేర్పింది నేనే. అదెలాగో చెప్పాలంటే ముందు శ్రీలత అక్క గురించి చెప్పాలి.

డిగ్రీ అయ్యాక సివిల్స్ కోచింగ్‌కని గుంటూరు నుంచి ఢిల్లీలో ముఖర్జీ నగర్‌కి వచ్చాను. అమ్మాయిల పీజీ హాస్టలు, మూడో అంతస్తు, కిటికీ తీస్తే ఎదురింటి కూలరు వీపు. ఆ గదిలో నాకంటే ముందే ఉన్న మనిషి శ్రీలత అక్క. కరీంనగర్ అమ్మాయి, నాకంటే ఐదేళ్లు పెద్ద, అప్పటికే మూడు ప్రయత్నాలు అయిపోయినా మొహంలో తొందర కనిపించేది కాదు. రోజూ సాయంత్రం జవాబులు రాయడం అయ్యాక టీ గ్లాసు పక్కన పెట్టుకుని తన పాత ల్యాప్‌టాప్‌లో అరగంట ఒక వీడియో గేమ్ ఆడేది. నలుగురు బాటసారులు దేశాలు తిరుగుతూ, కనపడిన వాళ్లతో మాట్లాడుతూ, ఎదురైన శత్రువులతో పోరాడుతూ పోయే రోల్ ప్లేయింగ్ గేమ్ అది. ఎవరితో ఏం మాట్లాడాలో, ఏ దారిన పోవాలో ఆడేవాళ్ల ఇష్టం. నాకు ఆ ఆటలు కొత్త. అక్క తాళ్ల మంచం మీద జరిగి నాకు చోటిచ్చి, కీబోర్డు నా ముందు పెట్టేది.

నేను చదివినట్టే ఆడేదాన్ని. పాత ప్రశ్నపత్రాలలో రానిది చదవను, దారికి అడ్డం రానిదాన్ని చూడను. ఆటలో ఒక కొండ కనుమ, దాని కింద ఒక సత్రం వస్తాయి. సత్రంలోకి వెళ్లి రాత్రి పడుకుంటే పోయిన బలం తిరిగి వస్తుంది, పొద్దున్నే కనుమ దాటిపోవచ్చు. లోపల పొయ్యి చుట్టూ నలుగురు కూర్చుని తింటూ, జోకులు వేసుకుంటూ ఉంటారు. శత్రువుల తల మీద కనిపించే ఎర్ర గుర్తు వాళ్లకి ఉండదు. పలకరిస్తే మర్యాదగా మాట్లాడతారు, ఒకడు రొట్టె కూడా ఇస్తాడు. నేను రొట్టె తీసుకుని, నిద్రపోయి, తలుపు దాకా వచ్చేశాను.

"ఏందే గంత తొందర?" అంది అక్క. "మెట్ల మీద ఒకామె కూసున్నది. మాట్లాడినవా?"

చూశాను. మెట్ల మీద గిన్నె పట్టుకుని ఒకామె ఉంది. వెళ్లి పలకరిస్తే, 'ఏం లేదు, బాగానే ఉన్నాను' అంది.

"బాగానే ఉందట అక్కా. ఇది సిలబస్‌లో లేదుగా."

"మళ్ల అడుగు."

మళ్లీ అదే జవాబు. మూడోసారి అడిగాక ఆమె తల తిప్పి పొయ్యి వైపు చూసింది. వెనక నవ్వులు ఆగిపోయాయి. పొయ్యి చుట్టూ ఉన్న నలుగురూ లేచి నిలబడ్డారు. ఆ ఆటలో నేను చూసిన శత్రువులందరిలోకీ కష్టమైన జట్టు అదే. విడివిడిగా చూస్తే నలుగురూ అర్భకులే. కానీ పక్కపక్కన నిలబడి ఉన్నంతసేపు ఏ దెబ్బా తగలదు. మూడుసార్లు ఓడిపోయాను. "అందర్నీ కొట్టకు. ఒకల్ని పక్కకు గుంజు," అని అక్క చెప్పాక గెలిచాను.

"వీళ్లని వదిలేసి పోతే ఏమయ్యేది?" అని అడిగాను.

"ఏమైతది? ఏం కాదు. ఆట గెలుస్తవ్. నేను రెండుసార్లు గెలిచిన. రెండుసార్లూ ఆమెను గాడనే ఇడిచిపెట్టి పోయిన." టీ తాగుతూ నావైపు చూసింది. ఎక్కువసేపు చూసింది. నాకు అర్థం కాలేదు.

మా పీజీలో రాత్రి భోజనాల తర్వాత మాక్ ఇంటర్వ్యూలు నడిచేవి. సివిల్స్‌కి చదివేవాళ్లకి అదొక అలవాటు. ఒకరిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మిగిలినవాళ్లం బోర్డు సభ్యుల్లా ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడగడం. మేం నలుగురం ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లం ఒక జట్టు. మా ప్లాస్టిక్ కుర్చీలోకి ఎక్కువగా వచ్చేది నీలిమ. వాళ్ల నాన్నగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆయనకి బదిలీ అయితే పరీక్ష అయ్యేదాకా అని నీలిమని పీజీలో ఉంచి వెళ్లారు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడితే ప్రతి మాటా హిందీలో మునిగి లేచేది. దానికి మేం పెట్టిన పేరు రాజధాని. "రాజధానిగారూ, మీ జిల్లా గురించి తెలుగులో రెండు నిమిషాలు చెప్పండి," అనేదాన్ని. బోర్డు చైర్మన్ని నేనే. ప్రశ్నలు మధ్యాహ్నమే నోట్సు వెనక రాసి పెట్టుకునేదాన్ని. అది నోరు తెరవగానే మేం పడీ పడీ నవ్వేవాళ్లం. అది కూడా నవ్వేది. దానికి ప్రాక్టీసు ఇస్తున్నాం, బెరుకు పోగొడుతున్నాం అని మేం నిజంగా అనుకున్నాం. అలా అనుకోకపోతే ఆ పని చెయ్యగలిగేవాళ్లం కాదేమో.

కొన్నాళ్లకి నీలిమ కంచం పట్టుకుని మెట్ల మీద, నీళ్ల ఫిల్టరు పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఒకసారి అడిగాను కూడా. "ఇక్కడ గాలి వస్తుంది దీదీ, ఠీక్ హై," అంది. సరే అనుకుని వచ్చేశాను.

సత్రం ఆట ఆడిన మర్నాడు రాత్రి, శ్రీలత అక్క రాజ్మా అన్నం పెట్టుకుని మా బల్ల దాకా వచ్చి, ఆగకుండా వెళ్లి మెట్ల మీద నీలిమ పక్కన కూర్చుంది. మాలో ఒకమ్మాయి పిలిచింది. "అక్కా, ఇక్కడ చోటుందిగా!"

"ఈడ కూడ ఉన్నది," అంది అక్క, తల తిప్పకుండా.

అప్పుడు తెలిసింది నాకు. లేచి వెళ్లి ఉంటే ఎనిమిది అడుగులు. కానీ బల్ల దగ్గర మిగతా ముగ్గురూ నన్నే చూస్తున్నారు, నేను లేవలేదు. ప్రిలిమ్స్ పరీక్ష దగ్గరకొచ్చింది, అయ్యాక తీరిగ్గా మాట్లాడదాం అనుకున్నాను. ఏం చెప్పాలో జవాబు రాసుకున్నట్టు ఉపోద్ఘాతంతో సహా తయారుచేసుకున్నాను. చివరికి ఒక ఆదివారం ధైర్యం చేసి వెళితే నీలిమ గదిలో పరుపు చుట్టి ఉంది. పొద్దున్నే వాళ్ల బాబాయి వచ్చి తీసుకెళ్లాడని, పరీక్ష రాయదట అని పీజీ ఆంటీ చెప్పింది. పెట్టె కింద దాకా మోసింది అక్కేనట.

"వెళ్లిపోతోందని నాకొక్క మాట చెప్పొచ్చు కదా అక్కా," అన్నాను గదిలోకి వచ్చి. ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి.

అక్క పుస్తకం మూసింది. "ఇరవై దినాలు మెట్ల మీద కూసున్నది. ఇంకెన్ని దినాలు కావాలె నీకు?"

ఆమె నాతో అన్న కటువైన మాట అదొక్కటే. మర్నాడు మామూలుగానే టీ ఇచ్చింది, కరెంట్ అఫైర్స్ చదివి వినిపించింది. ఆ ఏడు నేను ప్రిలిమ్స్ దాటలేదు. అక్కకి తర్వాత రాష్ట్ర సర్వీసులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. నాకు ఇక్కడే ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. కొత్తగా ఎవరింటికి వెళ్లినా, ఆఫీసు భోజనాల దగ్గరైనా, ముందు గది అంచులు చూసే అలవాటు మాత్రం నాకు అక్క వల్లే వచ్చింది. బాగానే ఉన్నానని ఎవరైనా అంటే ఇంకోసారి అడుగుతాను. దాన్ని నా మంచితనం అనుకుంటూ వచ్చాను.

కానీ పిల్లలకి పడుకునేముందు కథలు చెప్పేటప్పుడు, మాక్ ఇంటర్వ్యూ కథని నవ్వించే కథగానే చెప్పాను. ప్లాస్టిక్ కుర్చీ, బోర్డు చైర్మన్, కాగితాలు సర్దడం, రాజధానిగారి జవాబులు, అన్నీ అభినయించి చెప్పాను. మేఘన పొట్ట పట్టుకుని నవ్వేది, మళ్లీ చెప్పమనేది. చుట్టి ఉన్న పరుపు దగ్గరికి రాకుండానే ప్రతిసారీ లైటు తీసేశాను.

నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్న జడలు వేస్తూ మేఘనకి, పాలు తాగుతున్న దాని తమ్ముడికి మిగతా కథ చెప్పాను. మేఘన అద్దంలోంచి నన్నే చూస్తూ ఉంది. చిన్నవాడు అడిగాడు, "ఫిర్ ఆప్‌నే సారీ బోలా?" మరి నువ్వు సారీ చెప్పావా, అని.

"లేదు నాన్నా," అన్నాను. "చాలా ఏళ్లు వెతికాను. ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు." రబ్బరు బ్యాండు వేసి మేఘన భుజాలు నా వైపు తిప్పుకున్నాను. "తాన్యా ఎక్కడుందో నీకు తెలుసు. సి బ్లాకు, రెండో అంతస్తు. బస్సు రావడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. నేను కింద గేటు దగ్గర నిలబడి ఉంటాను, వెళ్లు."