చిన్నాయిన బండి నెట్టు, అవ్వ రాగిరేకు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే తల కాస్తయినా నెరిసి ఉండాలని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది. నాకింకా నెరవలేదు. కానీ సెల్‌ఫోన్ నెట్టు సంగతికొస్తే నాలుగేళ్లంటే పాతకాలం కిందే లెక్క కాబట్టి ధైర్యంగానే అంటున్నాను. ఆ రోజుల్లో నా ఫోన్‌లో నెట్టు రోజుకు ఒకటిన్నర జీబీ చొప్పున పడేది. పొద్దున తొమ్మిదయ్యేసరికి అందులో చుక్క మిగిలేది కాదు. తాగేసేది నేను కాదు, మా అవ్వ. నాయిన తల్లి. తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, నా తలగడ కింది నుంచి ఫోన్ లాక్కుని భజనలు పెట్టుకునేది. దేవుడి బొమ్మ మసకగా కనబడితే అపచారమని అన్నిటికంటే స్పష్టంగా వచ్చే మీటే నొక్కేది. (ఆ మీట ఎక్కడుందో ఆమెకు నేర్పిన తెలివిగలదాన్ని నేనే.) నేను నిద్ర లేచేసరికి ‘మీ రోజువారీ డేటా పూర్తయింది’ అన్న కబురొక్కటే నాకోసం కాచుకుని ఉండేది.

గద్వాల పక్కన ఊరు మాది. వనపర్తిలో డిగ్రీ పూర్తిచేసి ఇంటికొచ్చి ఏడాది దాటింది. హైదరాబాదు కంపెనీ ఒకటి, తెలుగులో ఖాతాదారులకు ఫోన్‌లో సమాధానాలు చెప్పే ఉద్యోగం, అదీ ఉన్న ఊరి నుంచే చేసుకునేది, ఇస్తామంది. ఇంటర్వ్యూ మాత్రం వీడియోలో. మొదటిసారి మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నాను. నా పేరు చెప్పడానికి నోరు తెరిచిన క్షణంలోనే బొమ్మ ఆగిపోయిందట. అవతలి మేడం రెండు నిమిషాలపాటు నా కొండనాలుక చూసి ఫోన్ పెట్టేసింది. రెండోసారి “నాలో ఉన్న గొప్ప గుణం ఏమిటంటే” అన్నాను, అక్కడ తెగింది. ఆ గుణమేమిటో వాళ్లకు ఇప్పటికీ తెలియదు. ఆ మేడం మంచిమనిషి, మూడో అవకాశం ఇచ్చింది. “ఈసారి మధ్యలో పోతే మాత్రం నేనేం చేయలేనండి” అని కూడా చెప్పింది. మంగళవారం పదకొండు గంటలకు. నేనూ పంతం పట్టాను. ఆకాశం ఊడిపడినా సరే, ఈసారి నా మాట చివరిదాకా చెప్పి తీరాలి.

సరిగ్గా ఆ వారమే మా చిన్నాయిన, అంటే నాయిన తమ్ముడు, కొత్త కారు కొన్నాడు. కారులోనే వైఫై ఉంది. ఏడాదిపాటు ఉచితమని షోరూమ్ వాళ్లు చెప్పారట. ఆ మాట విన్న రోజే చిన్నాయిన తన ఫోన్‌లో నెట్ ప్యాక్ మానేసి, మాట్లాడుకోవడానికి సరిపోయే రీచార్జితో సరిపెట్టాడు. “బండిల నెట్టు ఉండంగ ఫోన్‌ల ఎందుకే? నాకేమన్న పిచ్చా?” అనేవాడు. దాంతో వాట్సాప్ చూడాలంటే కారులోకి వెళ్లడం, కబడ్డీ చూడాలంటే కారులోకి వెళ్లడం. పిన్ని చాయ్ గ్లాసు పట్టుకుని వాకిట్లోకొచ్చి కారు అద్దం మీద తట్టేది. ఊళ్లో ఆయనకు ‘హాట్‌స్పాట్’ అని పేరు పడిపోయింది. ఆయన మాత్రం అదేదో బిరుదైనట్టు మురిసిపోయాడు. పైగా ఒక సిద్ధాంతం కూడా కనిపెట్టాడు. “ఫోన్‌కు టవర్ గావాలె బిడ్డా. బండికి అక్కర్లేదు. గిది సీదా మీదికి పోయి మీది నుంచే వస్తది.”

నేను నమ్మానని చెప్పను. కానీ వాకిట్లో కారులో కూర్చుని చూస్తే ఫోన్‌లో రాని బొమ్మ అద్దంలా వచ్చింది. అది చాలు నాకు. ఒక్కటే చిక్కు, మంగళవారం నాడు ఆ కారు నాగర్‌కర్నూలు పోతోంది. అక్కడ మేనత్త మనవడి తొట్టెల, పసివాణ్ణి ఊయలలో వేసే పండగ. అవ్వను తీసుకుని చిన్నాయిన బయల్దేరుతున్నాడు. కారు ఎక్కడికి పోతే నా ఇంటర్వ్యూ అక్కడికే అని నిర్ణయించుకున్నాను. పదకొండుకు ముందే దారిలోని వనపర్తి చేరాలి, నీడ చూసి బండి ఆపాలి, అరగంట సేపు ఎవరూ నోరు మెదపకూడదు అని ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాను. ఆ పొద్దున కూడా అవ్వ నా ఒకటిన్నర జీబీ ఊడ్చేసింది. మంగళవారం కదా, ఆంజనేయుడి భజనలు మామూలు కంటే రెండెక్కువ. కోపం వచ్చింది. నెట్టు కోసం కారు ఉందిలే అని మింగేశాను.

ఎర్రవల్లి చౌరస్తా దాటేవరకు నెట్టు బ్రహ్మాండంగా ఉంది. నేను ఫోన్‌లో నా ముఖం చూసుకుంటూ సమాధానాలు వల్లెవేస్తున్నాను. బీచుపల్లి దగ్గర చిన్నాయిన బండిని గుడి వైపు తిప్పాడు. మా ఇంట్లో ఏ కొత్త బండీ ఆంజనేయుడికి చూపించకుండా కృష్ణ దాటదు. సైకిల్ కూడా దాటలేదు. అది తెలిసీ ఆ సమయం నా లెక్కలో వేసుకోకపోవడం నా తప్పు. కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, బానెట్ మీద బంతిపూల దండ వేశారు. తాళానికీ, కారుతో ఇచ్చిన పుస్తకానికీ కూడా పసుపు కుంకుమ పెట్టారు. నేను టైం చూసుకుంటూ గుడి ముందర అటూ ఇటూ తిరుగుతున్నాను. ఎవరు ఎక్కడ ఏం కడుతున్నారో చూడలేదు.

పెబ్బేరు దాటి వనపర్తి రోడ్డు ఎక్కాక ఫోన్ తీశాను. టైం పదీ నలభై. నెట్టు లేదు.

“చిన్నాయిన, నెట్టు వస్తలేదు.”

“ఎందుకు రాదు? నీ ఫోన్ ఖరాబైనట్టుంది. బండి నెట్టు పోయేది గాదు.”

బండి పక్కకు ఆపించాను. రోడ్డు పక్కన పల్లిచేను, ఒక వేపచెట్టు, దాని నీడ. అంతకుమించి ఏమీ లేదు. చిన్నాయిన తెర మీద ఉన్న గుర్తులన్నీ వరసపెట్టి నొక్కాడు. వైపర్లు తిరిగాయి, సీట్లు వేడెక్కాయి, పైకప్పు అద్దం తెరుచుకుని ఒక వేపాకు వచ్చి నా ఒళ్లో పడింది. నెట్టు మాత్రం రాలేదు. నా ఫోన్‌కు అప్పటికప్పుడు రీచార్జి చేసుకుందామంటే, అది చేయడానికి కూడా నెట్టు కావాలి. డేటా అయిపోయాక వచ్చే నత్తనడక నెట్టులో చక్రం తిరుగుతూనే ఉంది. చిన్నాయిన ఫోన్‌లో ఎటూ ప్యాక్ లేదు. అవ్వది బటన్ల ఫోన్.

“చూసినవా చిన్నాయిన, ఫోన్‌ల వంద రూపాయలది ఏసుకుంటే పాయె కదా!”

“గిప్పుడు నన్నంటే ఏమొస్తది? ఆ కంపెనోణ్ణి అడగాలె,” అని ఆయన గొంతు పెంచాడు గానీ, ముఖంలో కళ తప్పింది. ఊరంతా చెప్పుకున్న నెట్టు కదా మరి, ఆయన బాధ ఆయనది.

ఇంక ఏడుపు ఒక్కటే తరువాయి. కానీ ఏడిస్తే కళ్లు ఎర్రబడతాయి, వీడియోలో కనబడతాయి. అందుకని పసుపు కుంకుమలు పెట్టిన ఆ పుస్తకం తీశాను. ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండానే దానికి పూజ చేశారు. పళ్లతో చింపి నెట్టు గురించి ఉన్న పేజీ వెతికాను. కారుకు కూడా లోపలొక సిమ్ ఉంటుందనీ, అదీ ఫోన్‌లాగే టవర్ నుంచే పట్టుకుంటుందనీ, కప్పు మీద చేప రెక్కలాంటిది ఉంటుందే, అదే దాని యాంటెన్నా అనీ ఉంది. కింద పెద్ద అక్షరాల్లో, దాని మీద లోహపు వస్తువులేవీ పెట్టరాదని రాసుంది.

కారు దిగి కప్పు మీదికి చూశాను. ఆ రెక్క కనబడటం లేదు. దాని చుట్టూ అరచేయంత రాగిరేకు టోపీలాగా చుట్టి, ఎర్రదారంతో పదహారు ముళ్లు వేసి ఉంది.

“అవ్వా! గిది నువ్వే కట్టినవా?”

“అవ్. నేనే కట్టిచ్చిన. దిష్టి రేకు,” అంది అవ్వ కిటికీలోంచి, మెచ్చుకుంటాననుకుని. “బండి నెత్తిన కొమ్ము ఒక్కటే ఉండె. దానికి గాకపోతే దేనికి కట్టాలె?”

“దానివల్లనే నెట్టు వస్తలేదు. తీసేస్తున్న.”

“చెయ్యి పెట్టకు!” అవ్వ తలుపు తెరుచుకుని దిగింది. “దేవుని కాడ పూజ చేయించి కట్టింది. గంట గూడ గాలే. తీస్తే బండికేమన్న అయితే? నీ చిన్నాయిన తొవ్వల పడి తిరిగేటోడు.”

చిన్నాయిన వైపు చూశాను. ఆయన టైర్ల కేసి చూస్తున్నాడు. ఒక పక్క నెట్టు, ఒక పక్క ప్రాణం, తల్లి మాట. పదీ యాభై రెండయింది. నాకు వచ్చిన కోపానికి ఆ రేకును ఒక్క లాగు లాగేదాన్నే. కానీ అవ్వ కళ్లలో భయం నిజమైనది. లాక్కుంటే నెట్టు వస్తుందేమో గానీ, నాగర్‌కర్నూలు దాకా ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటుంది. పొద్దున్నుంచీ ఆమె మీద అలిగినదాన్ని, అప్పుడు మాత్రం ఆమె చేయి పట్టుకున్నాను.

“అవ్వా, ఒకటడుగుత. ఆంజనేయస్వామి సముద్రం ఎందుకు దుంకిండు?”

“సీతమ్మను దేవులాడనీకి.”

“రాముని మాట ఆమెకు చేర్చనీకి. అవునా? గంత దూరం మాట మోసినాయన, నా మాట హైదరాబాదుకు పోకుంట అడ్డం పడతడా? ఆయన పేరు జెప్పి నువ్వే ఆపుతున్నవు.”

అవ్వ నన్ను చూసింది, రేకును చూసింది. బీచుపల్లి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. లోపల ఏం మాట్లాడుకున్నారో వాళ్లిద్దరికే తెలియాలి. తర్వాత “తియ్ రా,” అంది చిన్నాయినతో. “తీసి నాకియ్యి. బండికి గాకపోతే పిల్లకు కడత.” పదహారు ముళ్లూ ఆయన పళ్లతో విప్పాడు. అవ్వ ఆ రేకును నా ముంజేతికి చుట్టి, అదే దారంతో బిగించింది. ఫోన్‌లో గీతలు ఒకటి, రెండు, నాలుగు లేచాయి. అప్పుడు టైం పదకొండుకు ఒక్క నిమిషం తక్కువ.

మేడం ముఖం తెర మీద స్పష్టంగా కనిపించింది. నా ముఖమూ అంతే స్పష్టంగా కనిపించి ఉంటుంది, చెమటతో సహా. పేరు చెప్పాను. తెగలేదు. నా గొప్ప గుణమూ చెప్పేశాను (మొండితనం). ఆమె నవ్వి, “సరే, ఒక ఖాతాదారు మీ మాట అసలు వినడానికే సిద్ధంగా లేరనుకోండి. వాళ్లు నమ్మిందే నమ్ముతున్నారు. ఎలా ఒప్పిస్తారు?” అంది.

నెల రోజులుగా దీనికి ఇంగ్లీషు మాటలు కలిపి మంచి జవాబొకటి కంఠస్థం చేశాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు. “ఎనిమిది నిమిషాల కింద ఏం చేశానో చెప్పనాండి?” అన్నాను. చేయి ఎత్తి రాగిరేకు చూపించి మొత్తం చెప్పాను. దండ, నిమ్మకాయలు, కొమ్ము, సముద్రం, అన్నీ. సగంలో ఆమె బొమ్మ మాయమైంది. నా ప్రాణం పోయింది. మళ్లీ తెగిందనే అనుకున్నాను. ఒక నిమిషానికి ఆమె కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. నవ్వు ఆపుకోలేక కెమెరా మూసిందట. “అవ్వగారు అక్కడే ఉన్నారా?” అని అడిగింది.

అరగంట నోరు మెదపనని మాటిచ్చిన అవ్వ, వెనక సీటులోంచి నా భుజం మీదుగా ముందుకు వంగింది. “ఉన్న బిడ్డా. పిల్లకు నౌకరి ఇయ్యి. దేవుని రేకు గూడ తీసేసిన.”

ఇచ్చారు. నాలుగో రోజు మెయిల్‌లో ఉత్తరం వచ్చింది. దాన్ని కూడా చిన్నాయిన కారులోనే కూర్చుని చదువుకున్నాను, ఆయన పట్టుబట్టాడు మరి. ఏడాది తిరిగేసరికి ఆయన కారుకు ‘ఉచితం ముగిసింది, ప్యాక్ వేసుకోండి’ అని కబురొచ్చింది. “బండికి గూడ రీచార్జానే!” అని ఒక పూటంతా కారు ముఖం చూడలేదు. మర్నాడు కిమ్మనకుండా ఫోన్‌లో ప్యాక్ వేసుకుని, ఇంట్లో మంచం మీద పడుకుని కబడ్డీ చూశాడు. పిన్నికి వాకిలి తిరుగుడు తప్పింది.

నేనిప్పుడు వనపర్తిలో ఉంటున్నాను. తీగ నెట్టు, ఎంత వాడినా అయిపోనిది. రాగిరేకు గుమ్మానికి కట్టాను, రౌటర్‌కు దూరంగా. అవ్వ నా దగ్గరే ఉంటోంది. ఆమెకు చూపు ఆనడం లేదు, భజనలు వినడమే. వినడానికి మసక బొమ్మయినా చాలు. అయినా రోజూ పొద్దున్నే నేనే లేచి, అన్నిటికంటే స్పష్టంగా వచ్చే మీట నొక్కి ఆమె ముందు పెడతాను. “బొమ్మ మంచిగ వస్తుందానే?” అని అడుగుతుంది. “అద్దం లెక్క వస్తుందవ్వా,” అంటాను. ఒకటిన్నర జీబీ కోసం ఈమె మీద ఏడాదంతా అలిగి తిరిగిన పిల్ల ఒకతి ఉండేది. ఆమె గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ తర్వాత కాసేపు నేనూ కూర్చుని ఆ బొమ్మ చూస్తాను, అవ్వ బదులు.