గడప లేని ఇల్లు

రేవులో పదిహేనేళ్ళు కళాసీగా పనిచేసిన చలమయ్యకి "బావా" అన్న పిలుపు కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో పాలవాడూ బావే, బస్సు కండక్టరూ బావే. అయినా ఆ రోజు గుమ్మంలో నిలబడి, "ఏటి బావా, ఇల్లు కడతన్నావంట?" అని నవ్విన మనిషిని చూడగానే అతని ఒళ్ళు బిగుసుకుంది. మంచానపడ్డవాడితో వరస కలిపేవాళ్ళు ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వస్తారని ఈ నాలుగేళ్ళలో అతను తేల్చుకున్నాడు.

అది 1981 వేసవి. వచ్చినవాడి పేరు జగ్గారావు, ఎలమంచిలి వైపు తాపీమేస్త్రి. సీతమ్మధార దిగువన చలమయ్యకి నూటయాభై గజాల స్థలం ఉంది, కాళ్ళు బాగున్న రోజుల్లో కొన్నది. అందులో ఇల్లు కట్టడానికి ఇతన్ని పంపింది పక్క స్థలం తాతబాబు. ఆ స్థలం నాకు అమ్ముతావా అని అంతకుముందు రెండుసార్లు అడిగిందీ ఆ తాతబాబే. ఇంకేం కావాలి చలమయ్యకి?

అతని కాళ్ళు పోయింది డెబ్భైఏడు వానాకాలంలో. ఓడ అడుగుకి దిగుతుంటే తడిసిన ఇనప నిచ్చెన మీద పాదం జారింది. నడుం కింద చచ్చుబడిపోయింది. వాన పడింది, ఇనుము తడిసింది, కాలు జారింది, అంతే. కానీ ఆసుపత్రిలో వెల్లకిలా పడుకుని కప్పు చూస్తూ గడిపిన నెలల్లో, నిచ్చెనకి ఎవరో నూనె రాశారన్న ఊహ అతనిలో దూరింది. ఎవరు రాశారంటే చెప్పలేడు. అందువల్ల చూడవచ్చిన ప్రతివాడి చేతులూ ఒకసారి పరీక్షగా చూసేవాడు.

తోటి కళాసీలంతా కలిసి చక్రాల కుర్చీ తెప్పించి ఇచ్చారు. దాన్ని నడపడానికి ఆ అద్దె ఇంట్లో చోటేదీ? వీధివైపు నాలుగు మెట్లు, లోపల ప్రతి గుమ్మానికీ జానెడు గడప. కుర్చీ మూలకి చేరింది. భార్య కాంతం దానిమీద మడతపెట్టిన దుప్పట్లు పేర్చేది. తల్లి నూకాలమ్మకి మాత్రం ఆ గడపలే కళ్ళు. ఆవిడకి వెలుగూ నీడా తప్ప మరేమీ ఆనదు. ఒక గడప దాటితే వంటిల్లు, రెండోది దాటితే పెరడు అని లెక్కపెట్టుకుంటూ తడుముకోకుండా తిరిగేది.

జగ్గారావు సంచీలోంచి టేపు తీశాడు.

"బావా, మంచం మీంచి కుర్చీలోకి ఎలగ దిగుతావో ఓపాలి సూపించు."

"ఎందుకు?"

"కొలత కావాల."

"స్థలం కొలుచుకో. నన్ను కొలవడమేంటి?"

"తానానికి ఎవలు మోసుకెల్తారు? దొడ్డికెల్తే దేని మీద కూకుంటావు?"

చలమయ్య గోడవైపు తిరిగాడు. భార్యకి తప్ప తెలియని సంగతులు ముక్కూమొహం తెలియనివాడు అడుగుతున్నాడు. జగ్గారావు మాత్రం మామూలుగానే చెప్పుకుపోయాడు. గుమ్మాలు మూడడుగుల పైన పెడతాడట. మెట్లుండవట, వీధిలోంచి వాలు కడతాడట.

"మూడడుగుల గుమ్మమా? పాడె పట్టడానికా?" అన్నాడు చలమయ్య గోడకేసే చూస్తూ.

"కుర్చీ పట్టడానికి బావా. ఇంకోటి, గడపలు పెట్టను."

కాంతం చేతిలో మంచినీళ్ళ గ్లాసు అక్కడే ఆగింది. గడప లేని ఇంట్లో లక్ష్మి ఎక్కడ నిలుస్తుంది, పసుపు దేనికి రాస్తారు? చలమయ్యకి మాత్రం లెక్క తేలిపోయినట్టనిపించింది. గడప లేని ఇంటిని రేపు ఎవరూ కొనరు, ఎవరూ ఉండరు. అప్పుడు తాతబాబు చల్లగా వచ్చి కలిపేసుకుంటాడు.

"నువ్విక వెళ్ళు" అన్నాడు.

జగ్గారావు వెళ్ళాడు. కానీ వీధి చివర కాంతం అతనితో మాట్లాడి రావడం కిటికీలోంచి చలమయ్య కంటబడింది. ఏమన్నాడని అడిగితే, "ఏముందండీ, నీళ్ళడిగాడు" అంది. గ్లాసు ఇంట్లోనే ఉంది.

ఆ తరవాతి వారంలో ఒక్కొక్కటే పోగయ్యాయి. రోజూ పదింటికి చలమయ్య పక్కన చెంబూ విసనకర్రా పెట్టి, పక్కింటావిడకి ఓ మాట చెప్పి, అత్తాకోడళ్ళిద్దరూ బయల్దేరేవారు. గుడికట. ఏ గుడి అంటే తల్లి ఒక పేరు చెప్పింది, కోడలు ఇంకో పేరు చెప్పింది. తిరిగొచ్చేసరికి కాంతం చీర అంచుకి ఎర్రమట్టి, గోళ్ళ సందున సున్నం. నాలుగోరోజున చక్రాల కుర్చీ కనిపించలేదు.

"కుర్చీ ఏదే?"

"చక్రం కిర్రుమంటోందని సైకిల్ షాపులో ఇచ్చానండీ."

ఎక్కని కుర్చీకి కిర్రు ఎక్కడిది? చలమయ్య అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారు. కాంతానికి ముప్పయ్యయిదేళ్ళు. మేస్త్రి గట్టిగా ఉన్నాడు, నవ్వుతూ మాట్లాడతాడు. ఆ ఆలోచన రాకూడదనుకున్నాడు గానీ వచ్చి కూర్చుంది. తల్లి కూడా కలిసిందే అన్నది ఇంకా బాధగా ఉంది. చూపులేని ముసలిది, దానికి ఏం ఆశ పెట్టారో.

మర్నాడు వాళ్ళు గుమ్మం దాటిన కాసేపటికి చలమయ్య కిటికీలోంచి ఒక రిక్షావాడిని కేకేశాడు. నాలుగేళ్ళలో తనంతట తను బయటికి వెళ్ళాలనుకోవడం అదే మొదటిసారి. రిక్షావాడు అతన్ని భుజాన వేసుకుని మెట్లు దించి సీట్లో కూర్చోబెట్టి, జారకుండా తన తువ్వాలుతో నడుం దగ్గర కట్టాడు. సీతమ్మధార ఎత్తు రాగానే దిగి తోసుకుంటూ నడిచాడు. దారంతా చలమయ్య, వాళ్ళని పట్టుకోగానే అనాల్సిన మాటలు ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు.

స్థలంలో ఎర్రమట్టి చదును చేసి ఉంది. దానిమీద సున్నంతో గదులు గీసి ఉన్నాయి. గుమ్మాలు రావలసిన చోట రెండేసి ఇటుకల దొంతరలు పేర్చి ఉన్నాయి. ఒకచోట ఆ దొంతరల సందులో చక్రాల కుర్చీ ఇరుక్కుని ఉంది. అందులో కాంతం కూర్చుని ఉంది. మోకాళ్ళ దగ్గర కాళ్ళు రెండూ కలిపి తువ్వాలుతో కట్టుకుంది. చక్రాలు నెట్టబోతే చేతివేళ్ళు ఇటుకలకి ఒరుసుకుని కణుపుల దగ్గర నెత్తురు చిమ్మింది.

"అప్పా, సేతి ఏళ్ళు పోతాయి. ఇంకో నాలుగంగుళాలు పెంచుదుం" అంటున్నాడు జగ్గారావు, ఆవిడతో అక్క వరస కలిపి.

"పెంచితే వంటింటి గోడ జరపాలిగా" అంటోంది కాంతం.

కాస్త అవతల నూకాలమ్మ చెప్పుల్లేకుండా రాళ్ళమీద అడుగులు వేస్తూ, మొహం ఆకాశంకేసి పెట్టి పాదాలతో ఏదో వెతుకుతోంది.

రిక్షా బెల్లుకి ముగ్గురూ ఇటు తిరిగారు. చలమయ్యకి దారిలో అనుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"కాళ్ళెందుకు కట్టుకున్నావ్?" అన్నాడు.

కాంతం తల వంచుకుంది. "కట్టుకోకపోతే వాటంతటవే సాయానికొస్తున్నాయండీ. కొలత సరిగ్గా తేలడంలేదు."

"నాతో చెప్పకుండా..."

"చెబితే మీరు రానిస్తారా? మీరు చూపించనన్నారు. ఎవరో ఒకరు కూర్చుని చూడాలి కదా."

చలమయ్యకి కోపం వచ్చింది. తన కుర్చీ, తన అవిటితనం నడివీధిలో పెట్టి నాటకం ఆడుతున్నారు. ఇంటికి పోదాం అని రిక్షావాడితో అనబోయాడు. అంతలో కాంతం కుర్చీని, దొడ్డి దిమ్మ అనుకుని పేర్చిన ఇటుకలకి ఎదురుగా ఆపి, చేతులు ముందుకి చాచి దానిమీదికి ఒరగబోయింది. కుర్చీ వెనక్కి జారింది. ఆవిడ బోర్లాపడబోయి ఆపుకుంది.

"అలా కాదు" అన్నాడు చలమయ్య.

కాంతం కుర్చీలోంచే ఇటు తిరిగింది.

"ఎదురుగా పెడితే పడతావ్. కుర్చీ పక్కగా రావాలి. ముందు కుడిచెయ్యి దిమ్మమీద ఆనాలి. లే, నువ్వు లే అందులోంచి."

రిక్షావాడు అతన్ని కుర్చీలోకి దించాడు. నాలుగేళ్ళుగా గోడవైపు తిరిగి దాచుకున్న పని, పరాయి మనుషుల ముందు పట్టపగలు చేసి చూపించాడు. దిమ్మ ఎత్తు చాల్లేదు. దిగడం దిగాడు గానీ మళ్ళీ కుర్చీలోకి లేవలేక చెమటలు పట్టాయి. జగ్గారావు నవ్వలేదు, జాలిపడనూలేదు. చెవి వెనక పెన్సిలు తీసి ఇటుకలమీద గీత పెట్టాడు.

"నాను పద్నాలుగంగుళాలనుకున్నాను. పద్దెనిమిది కావాల. పట్టుకోడానికి గోడకి పైపు ఏ సేతికి?"

"కుడికి."

"అదీ. ఈ ముక్క సెప్పడానికా బావా వారం తిప్పావు?"

వాలు సంగతి జగ్గారావుకి బాగానే తెలుసు. గోదాముల్లో బస్తాల తోపుడుబళ్ళు ఎక్కడానికి కట్టిన చెయ్యి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడుగు పోవాలన్నాడు. చిక్కల్లా నూకాలమ్మతో వచ్చింది.

"వాడికి గడప అడ్డం. నాకు గడప లేకపోతే ఇల్లే తెలీదు. మరి నేనెలా తిరగను?" అందావిడ.

జగ్గారావు బీడీ వెలిగించి అది ఆరిపోయేదాకా ఆలోచించాడు. దారి దొరికింది ముసలమ్మ పాదాలకే. ఉలి దెబ్బలు తీసెయ్యని గరుకు రాయిమీద ఆగి, "ఇది వేరేగా ఉంది. కాలికి తెలిస్తే చాలు నాకు" అంది.

"అయితే గుమ్మం కింద గరుకు రాయి పరుత్తాను మామ్మా. లోపలంతా నున్నటి ఎర్రగచ్చు. రాయి గచ్చుతో సమంగా ఉంతాది, ఎత్తు ఉండదు. పసుపు దానికే రాసుకోండి."

ఇల్లు లేచింది. అనుమానం మాత్రం దిగలేదు. చలమయ్య రోజూ రిక్షాలో వచ్చి ఎండలో కూర్చునేవాడు. ఇసక చేతిలోకి తీసుకుని నలిపేవాడు, సిమెంటు బస్తాలు ఎక్కడెక్కడ ఖాళీ అవుతున్నాయో చూసేవాడు. స్నానాల గదిలో పైపు బిగించిన రోజున రెండు చేతులా పట్టుకుని పగబట్టినట్టు గుంజాడు. పైపు ఊడి ఒళ్ళో పడింది.

"నాకు తెలుసు" అన్నాడు.

జగ్గారావు మొహం చిన్నబోయింది. గోడకి రెండోవైపుదాకా కన్నం కొట్టి, అవతల ఇనపరేకు వేసి నట్టు బిగించాడు. "ఇప్పుడు గుంజు" అన్నాడు. చలమయ్య గుంజాడు. మర్నాడు వచ్చి మళ్ళీ గుంజాడు.

గృహప్రవేశానికి పిఠాపురం నుంచి వచ్చిన చుట్టాలు గుమ్మం దగ్గర ఆగి కిందికి చూసి మొహమొహాలు చూసుకున్నారు. గుమ్మంలో కుడికాలు పెట్టాలంటే పెట్టే కాలు లేనివాడు ఏం చేస్తాడని ఎవరో గుసగుసలాడారు. నూకాలమ్మ వంగి గరుకు రాయికి చేత్తో తడుముతూ పసుపు రాసింది, కాంతం బొట్లు పెట్టింది. ఆ తడి ఆరకముందే చలమయ్య కుర్చీ దానిమీదుగా లోపలికి నడిచింది. కొత్త ఎర్రగచ్చు మీద రెండు పసుపు చారలు పూజగది దాకా పడ్డాయి. వాటిని ఆ రోజంతా ఎవరినీ తుడవనివ్వలేదు కాంతం.

మొదటి వానకి వాలు నున్నగా జారింది. కుర్చీ ఆగక వీధిలోకి దూసుకుపోయి ఎదురింటి గోడకి కొట్టుకుంది. చలమయ్య మోచెయ్యి చెక్కుకుపోయింది. వాలు కావాలనే నున్నగా కట్టాడన్నాడు. కబురందుకుని వచ్చిన జగ్గారావు వాదించలేదు. పైపూత చెక్కి కొత్త పూత పూసి, అది పచ్చిగా ఉండగానే కొబ్బరితాడు అడ్డంగా ఒత్తుకుంటూ పోయాడు. ఆ గీతలమీద చక్రం జారలేదు.

ఇంతకీ తాతబాబు ఈ మేస్త్రిని ఎందుకు పంపాడో చలమయ్యకి తేలలేదు. అడగనూలేదు. పక్క స్థలంలో అతను ఇల్లు మొదలుపెట్టి జగ్గారావునే పిలిస్తే, ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు కిటికీ తెరిచే ఉంచేవాడు.

ఎనభైమూడు మాఘమాసంలో ఒక ఉదయం కాంతం వెనక పెరట్లో బట్టలుతుకుతోంది. తల్లి చిక్కుళ్ళు ఒలుస్తోంది. చలమయ్య ఎవరితోనూ చెప్పకుండా కుర్చీ నెట్టుకుని గుమ్మం దాటి, వాలు దిగి, వీధి చివర మంగలి కొట్టు దాకా వెళ్ళాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. గడ్డానికొచ్చినవాళ్ళు కూర్చునే వేపమొద్దు పక్కన ఎండలో కుర్చీ ఆపి, గడ్డం చేయమన్నాడు. ఆరేళ్ళుగా మంచం మీదే కాంతం చేతుల్లో గీయించుకున్న గడ్డం.

సగం చెంప నురగతో ఉండగా, ఎదురుగా వేలాడదీసిన అద్దంలో వీధి మలుపు కనిపించింది. కాంతం గబగబా వస్తోంది. చేతులకి ఇంకా సబ్బు నురగుంది, చెప్పులు కూడా వేసుకోలేదు. అతన్ని చూసి నడక తగ్గించి, ఏమీ ఎరగనట్టు కొట్టు ముందునుంచి పోబోయింది.

"నా వెనకాల ఎందుకొచ్చావ్?" అన్నాడు చలమయ్య తల తిప్పకుండా.

"మీకోసం కాదండీ. ఉప్పు అయిపోతే వచ్చాను."

మంగలి కత్తి ఎత్తి ఆగాడు. చలమయ్య అద్దంలో ఆవిడ చేతులకేసి చూశాడు. సంచీ లేదు.

"సరే, తెచ్చుకో" అని గడ్డం పైకెత్తాడు.