ఆదివారం ఒంటిగంటా ఇరవైకి లారీ కదలాలి

మా చిన్నప్పుడు... ఆదివారం భోజనాలు కాగానే నాన్న పెరట్లో లారీ కింద దూరేవాడు. నేను పక్కనే పీట వేసుకుని తుప్పు పట్టిన బోల్టుల్ని చింతపండుతో తోమేదాన్ని. నోట్లోంచి మాట రాకూడదు... చేతిలోంచి చప్పుడు రాకూడదు.

ఎందుకంటే మేం ఉన్నది జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో. అక్కడ ఆదివారమంతా నిశ్శబ్దం పాటించాలి. అందులోనూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మరీనూ.

నాన్న కార్ల కంపెనీలో ఇంజినీరు. వారమంతా కాగితం మీద గేర్లు గీసేవాడు. బెజవాడలో తాతయ్యకి లారీల షెడ్డు ఉండేది కదా... గ్రీజు వాసనలో పెరిగిన మనిషి. చేతికి మసి అంటకపోతే అన్నం సయించేది కాదు. అందుకే ఒకప్పుడు పాల డబ్బాలు మోసిన ముసలి లారీని ఎవరో పారేస్తుంటే తెచ్చుకుని పెరట్లో పెట్టుకున్నాడు.

ఇందులో పెద్ద తమాషా ఏంటంటే... నాన్నకి లైసెన్సు లేదు! డ్రైవింగ్ పరీక్ష మూడుసార్లు తప్పాడు. ప్రతి మలుపులోనూ హారన్ కొట్టేవాడట. అమ్మ మొదటిసారికే పాసైంది. కాబట్టి రిపేరు నాన్నది... స్టీరింగ్ అమ్మది.

పై అంతస్తులో ఇంటి ఓనరు ఫ్రావ్ క్లింగ్లర్, అంటే క్లింగ్లర్ గారు, ఒక్కతే ఉండేది. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ చేతికి వాచీతో. ఒక ఆదివారం నాన్న చేతిలోంచి స్పానర్ జారి ఇనప డబ్బా మీద పడింది. మర్నాడు పొద్దున్నకల్లా ఉత్తరం వచ్చేసింది... ఇంకొక్క ఆదివారం చప్పుడైతే లారీ పెరట్లోంచి పోవాలి. అక్కణ్నుంచి పోతే ఇంకెక్కడికి? పాత సామాన్ల వాడి దగ్గరికే.

సరిగ్గా అప్పుడే బెజవాడ నుంచి తాతయ్య ఫోను.

"ఒరేయ్, పంచాంగం చూశా. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి దివ్యమైన ముహూర్తం. బండి కదలాలి. అది దాటితే మూఢం, రెండు నెలల దాకా మంచిరోజే లేదు."

నాన్న చివరి ఆశగా అడిగాడు...

"నాన్నా, అది మీ టైమా, మా టైమా?"

"లారీ ఎక్కడుందిరా?"

"ఇక్కడే."

"మరి ఇంకెవరి టైమురా!"

తాతయ్య మాట కాదనే ధైర్యం నాన్నకి లేదు. ఫ్రావ్ క్లింగ్లర్ మాట కాదనే ధైర్యం అసలే లేదు. రాత్రంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు... ఇంజిను ముట్టుకోకుండా లారీని చేత్తో తోస్తే? కదలాలన్నాడు గానీ, స్టార్ట్ అవ్వాలనలేదుగా! పైగా పద్నాలుగు నెలలుగా తాళం తిప్పితే అది టిక్కుమనడం తప్ప ఇంకేం చేసింది కనక?

ఆదివారం వచ్చింది. లారీకి పసుపు, కుంకుమ పెట్టాం. కొబ్బరికాయని రెండు తువ్వాళ్లలో చుట్టి, మెట్టు మీద దొంగతనంగా కొట్టాం. చప్పుడు రాలేదు గానీ నీళ్లన్నీ తువ్వాళ్లే తాగేశాయి. హారతిలో గంట కొట్టకుండా నేను నోటితోనే మెల్లిగా "టింగ్ టింగ్" అన్నాను.

అమ్మ పట్టుచీర దోపుకుని స్టీరింగ్ ముందు కూర్చుని, అది తిరగడానికి తాళం సగం తిప్పి ఉంచింది. నాన్నా నేనూ వెనక నుంచి తోశాం. కదల్లేదు. ఇంకా తోశాం. కదిలింది! నాన్న వాచీ చూసుకుని, "ఒంటిగంటా ఇరవై!" అని గుసగుసగా గెంతాడు.

అయితే మా పెరడు గేటు వైపు కాస్త వాలుగా ఉంటుందన్న సంగతి ఆ ఇంజినీరుగారు మర్చిపోయారు.

మేం తోయడం మానేసినా లారీ మానలేదు. ఎదురుగా ఫ్రావ్ క్లింగ్లర్ గులాబీ మొక్కలు.

"బ్రేకు! బ్రేకు తొక్కు!" నాన్న గుసగుసగానే అరిచాడు.

"తొక్కుతున్నానండీ! పట్టట్లేదు!" అమ్మకి ఆ గుసగుసలేం లేవు.

అప్పుడు అమ్మకి డ్రైవింగ్ స్కూల్లో చెప్పిన మాట గుర్తొచ్చిందట... బ్రేకు పట్టకపోతే గేరు వెయ్యమని. రెండో గేరు వేసి క్లచ్ వదిలేసింది.

ఢబ్... ఢబ్... ఢబఢబఢబఢబ!

పద్నాలుగు నెలలు మొండికేసిన ఇంజిను, వీధి వీధంతా అదిరేలా స్టార్ట్ అయింది. నల్లటి పొగ. పావురాలన్నీ లేచిపోయాయి. అమ్మ మళ్లీ క్లచ్ తొక్కి హ్యాండ్‌బ్రేకు లాగితే, గులాబీలకి జానెడు దూరంలో ఆగింది లారీ. ఇంజిను మాత్రం ఆగలేదు.

పైన కిటికీ తెరుచుకుంది. ఆ వెంటనే మెట్ల మీద చెప్పుల చప్పుడు.

నాన్న "అయిపోయింది, ఆపెయ్" అని అమ్మకి సైగ చేశాడు. ఇంట్లో చెప్పులతోనే పరుగెత్తుకొచ్చిన ఫ్రావ్ క్లింగ్లర్ రెండు చేతులూ ఊపుతూ అరిచింది...

"ఆపకండి! ఆపితే మళ్లీ పద్నాలుగు నెలలు!"

ఆవిడ కూడా లెక్కపెట్టింది! ప్రతి శనివారపు సుత్తిదెబ్బా, ప్రతి టిక్కూ పైనుంచి వింటూనే ఉందన్నమాట. ఎక్కి అమ్మ పక్క సీట్లో కూర్చుంది. పక్కింటాయన కిటికీ తెరిచి ఏదో అనబోతే, "ఇంజిను వేడెక్కాలి!" అని ఆవిడే కసిరింది.

నాన్న కళ్లు తుడుచుకున్నాడు. గ్రీజంతా మొహానికి అంటింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సోమవారం మళ్లీ ఉత్తరం వచ్చింది, పద్ధతి పద్ధతే కదా. నిన్న మధ్యాహ్నం చేసిన శబ్దానికి తీవ్ర హెచ్చరిక అని టైప్ చేసి ఉంది. కింద పెన్నుతో ఒక్క ముక్క... "లారీ ఉండొచ్చు."

ఇప్పుడు నేను జర్మనీలోనే ఎష్‌బోర్న్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మందపాటి గోడలు, మూడు పొరల అద్దాల కిటికీలు. మొన్న ఒక పాత అల్మరాని బాగుచేద్దామని నాలుగు వారాలు సుత్తితో బాదాను... ఒకసారి మర్చిపోయి ఆదివారం కూడా. ఎవరూ తలుపు తట్టలేదు, ఒక్క ఉత్తరమూ రాలేదు. అల్మరా బాగుపడిన రోజున, ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మీ ఇంటి చప్పుళ్లన్నీ విని, తిట్టి, లెక్కపెట్టుకున్న పొరుగువాళ్లు మీకూ ఉండే ఉంటారు... వాళ్ల పేర్లేంటో ఒక్కసారి చెప్పండి, వినాలనుంది.